గుండు చేయిస్తే మా అబ్బాయి ఊరుకోడు

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక అమ్మ రాసిన ఉత్తరం ఈసారి తీసుకున్నాను. నవంబరు రెండో వారంలో రాశారు, నాలుగు పేజీలు. పేరు వేయవద్దన్నారు. సంగతి ఇది.

ఆవిడకు 57 ఏళ్లు. భర్త బ్యాంకులో రిటైరయ్యారు. అత్తగారు కూడా వీళ్ల దగ్గరే ఉంటారు. ఒక్కడే కొడుకు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడు టాయ్ పూడుల్ అనే చిన్న జాతి కుక్కపిల్లను కొనుక్కున్నాడు. పేరు బన్ను. బిస్కెట్ రంగు, ఒంటినిండా ఉంగరాల జుట్టు, ఇప్పుడు రెండున్నరేళ్లు. మొన్న జూన్‌లో అబ్బాయికి డబ్లిన్‌లో ఉద్యోగం వచ్చింది. "ఆరు నెలలు చూసుకోమ్మా, ఇల్లు కుదిరాక తీసుకెళ్లిపోతా" అని బన్నును, ఒక సంచిలో నాలుగు బ్రష్షులను ఇంట్లో దించి విమానం ఎక్కేశాడు.

బెంగళూరులో బన్నును నెలకోసారి సెలూన్‌కు తీసుకెళ్లేవాడట. వీళ్ల ఊళ్లో కుక్కలకు జుట్టు కత్తిరించేవాళ్లు లేరు. ఆగస్టులో ఒకసారి కారులో రెండు గంటలు ప్రయాణం చేసి పట్నంలో ఒక చోటికి తీసుకెళ్లారు. దారంతా వాంతులు. అక్కడ గాజు తలుపు వెనక నుంచి బన్ను అరుపులు వినలేక, పని సగంలో ఉండగానే ఈవిడ ఎత్తుకుని వచ్చేశారు. అప్పటి నుంచి అన్నీ ఇంట్లోనే. ప్రతి ఆదివారం కుంకుడు రసంతో తలంటు, మేడ మీద ఎండలో ఆరబెట్టడం, ఆరాక దువ్వడం. "రోజూ దువ్వాను మేడమ్, ఒట్టు. అయినా అక్టోబరుకల్లా చంకల్లో, చెవుల వెనక, తోక మొదట్లో అట్టలు కట్టేసింది. చేత్తో తడిమితే కొబ్బరి పీచులా తగులుతోంది" అని రాశారు.

పేన్ల దువ్వెనతో లాగితే బన్ను ఏడ్చాడు. భర్త తన గడ్డం ట్రిమ్మర్ తెచ్చారు, అది జుట్టులో ఇరుక్కుపోయింది. తర్వాత కత్తెర తీసుకున్నారు. చంకలో అట్టతో పాటు చర్మమూ తెగింది. పశువుల డాక్టరు రెండు కుట్లు వేశారు. ఆ రోజు నుంచి దువ్వెన కనిపిస్తే చాలు, బన్ను దివాన్ కాట్ కిందికి దూరిపోతున్నాడు. పోయిన వారం గట్టిగా పట్టుకుని చెవి వెనక దువ్వబోతే ఈవిడ వేలు కొరికాడు. "పెద్దగా ఏం కాలేదు, కాస్త రక్తం వచ్చింది, పసుపు పెట్టాను."

ఇక ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. వీడియో కాల్‌లో అబ్బాయి: "ఏంటమ్మా ఇలా తయారు చేశారు? గుండు మాత్రం చేయించొద్దు. సంక్రాంతికి వస్తున్నా, నాకు టెడ్డీ బేర్‌లా కనిపించాలి." భర్త: "ఏడుకొండలవాడికి మొక్కుకుని కొట్టించేస్తే పోయేదానికి ఇంత టెన్షనా?" అత్తగారు: "వాసన కొడుతోంది, పూజ గది ఛాయలకు రానివ్వకు." పక్కింటావిడ: "మా పామరేనియన్‌కు వేసవిలో గుండు చేయిస్తే రెండేళ్లయినా సరిగ్గా జుట్టు రాలేదు." చెల్లెలు: "ఎవరికైనా ఇచ్చేయ్ అక్కా, నీకెందుకీ తలనొప్పి?" ఈవిడకేమో బొటనవేలి కీలు అరిగి నొప్పి. అట్టలు వదిలించే నూనె ఏదైనా ఉందా, గుండు చేయిస్తే జుట్టు మళ్లీ వస్తుందా, నా వల్ల కాదని అబ్బాయికి చెప్పేయనా అని అడుగుతున్నారు. చివర్లో ఒక మాట: "రాత్రిళ్లు నా కాళ్ల దగ్గర పడుకునేవాడు. ఇప్పుడు నన్ను చూస్తే జంకుతున్నాడు. ఒక కుక్క జుట్టు చూసుకోలేకపోయానని సిగ్గుగా ఉంది."

అమ్మా, జుట్టు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ వేలు. నాలుగు పేజీల్లో ఒక్క లైనులో దాటేశారు, నాకు మాత్రం కన్ను అక్కడే ఆగింది. పన్ను దిగి రక్తం వచ్చిందంటే డాక్టర్లు దాన్ని చిన్న గాయంగా లెక్కపెట్టరు. బన్ను టీకాల పుస్తకం తీసి రేబిస్ టీకా చివరిసారి ఎప్పుడు వేయించారో చూడండి. ఆ పుస్తకం పట్టుకుని ఈ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. మీకు వేసే టీకా అక్కడ ఉచితం. ఇంట్లో కుక్కే కదా, టీకా వేయించిందే కదా అని మనకు మనమే తీర్పు చెప్పుకోకూడదు, ఆ నిర్ణయం డాక్టరుకు వదలాలి. వారం దాటిపోయిందని మానేయవద్దు. ఇంకోసారి ఇలా జరిగితే పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టవద్దు. సబ్బు రాసి పంపు కింద 15 నిమిషాలు కడగాలి, తర్వాత ఆసుపత్రి. కుట్లు పడిన కుక్క, నొప్పి ఉన్నచోటే మళ్లీ లాగితే కొరికింది. మీ మీద కోపంతో కొరికాడనుకోకండి.

ఇప్పుడు జుట్టు. మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదని ఊరికే ఓదార్పుకు అనడం లేదు. మీరు చేసిన పని వరుస చూడండి: ముందు తలంటు, తర్వాత ఎండ, ఆ తర్వాత దువ్వెన. మన తలకు మనం చేసుకునే వరుస అదే. పూడుల్‌కు అది పూర్తిగా తలకిందులు. మామూలు కుక్కకు ఊడిన వెంట్రుక సోఫా మీదో చీర మీదో రాలుతుంది. పూడుల్‌కు ఊడిన వెంట్రుక కిందపడదు, పక్కనున్న ఉంగరంలో చిక్కుకుని అక్కడే ఉండిపోతుంది. "ఈ జాతిని పెంచితే ఇంట్లో వెంట్రుక కనపడదు" అని అమ్మేవాళ్లు చెప్పే మాట చాలావరకు నిజమే. ఆ కనపడని వెంట్రుకలు ఎక్కడికి పోతున్నాయో మాత్రం చెప్పరు. అవి లోపల ఉండగా నీళ్లు పోసి, రుద్ది, ఎండలో ఆరనిచ్చారు. గొర్రె బొచ్చును తడిపి నలిపితే ఎలా దట్టమవుతుందో అలా అయింది. ఆదివారం ఆదివారం ఒక్కో పొర బిగుసుకుంటూ వచ్చింది.

మరి రోజూ దువ్వారు కదా? నిజంగానే దువ్వారు, నాకు అనుమానం లేదు. కాకపోతే గుండ్రటి తలల పుల్లలున్న బ్రష్‌తో పైపైన దువ్వి ఉంటారు, మీ అబ్బాయి సంచిలో అది ఉండే ఉంటుంది. అది పై అంగుళం జుట్టును పొంగించి వచ్చేస్తుంది. పైన టెడ్డీ బేర్, లోపల గోనెపట్టా. మా ఇంట్లో పదకొండేళ్లు ఒక మినియేచర్ పూడుల్ ఉండేది, మొదటి ఏడాది నేనూ ఇదే చేశాను. అంతెందుకు, కత్తెర కూడా వాడాను. చెవి చివర అట్ట అనుకుని కత్తిరిస్తే చెవి అంచే తెగింది. చెవి అంచు సన్నగా ఉంటుంది, ఎంత రక్తం కారిందంటే గోడ మీద చుక్కలు తుడవడానికే అరగంట పట్టింది. అందుకని మీ ఆయన మీద కోపం పెట్టుకోకండి. అట్ట బిగిసినప్పుడు కింది చర్మాన్ని గుడారంలా పైకి లాగేస్తుంది. కత్తెర పెట్టినవాళ్లకు వెంట్రుక ఎక్కడ ఆగిందో, తోలు ఎక్కడ మొదలైందో కనపడదు. అట్టల దగ్గర కత్తెర ఎవరు వాడినా ఇదే ప్రమాదం.

నూనె అడిగారు. వేలెడంత చిక్కుకు కాస్త జారుడు ఇస్తే వేళ్లతో విడదీయొచ్చు, అంతవరకే. మీరు రాసిన కొబ్బరి పీచు లాంటి అట్టలోకి ఏ నూనే దిగదు. పైన పూసింది బన్ను నాకేస్తాడు, మిగిలిందానికి దుమ్ము పడుతుంది, మీ అత్తగారు చెప్పే వాసన రెట్టింపవుతుంది. ఇక ఆ వాసన కుక్కదని అనుకోవద్దు. అట్ట కింద తడి ఆరక చర్మం మురుగుతోందేమో అన్నది నా భయం. లోపల ఎరుపు, పుండ్లు, గోమార్లు ఉండొచ్చు. కాబట్టి ఇది అందానికి సంబంధించిన వ్యవహారంగా చూడటం మానేద్దాం.

పక్కింటావిడ చెప్పింది అబద్ధం కాదు. పామరేనియన్‌కు పైన పొడుగు జుట్టు, అడుగున దూది లాంటి జుట్టు, రెండు పొరలుంటాయి. చర్మం దాకా గీసేస్తే కొన్నింటికి జుట్టు నెలల తరబడి సరిగ్గా రాదు. కానీ పూడుల్ జుట్టు మన తల వెంట్రుకల్లా పెరుగుతూనే ఉంటుంది. గీసినా వస్తుంది, నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున. మీ అబ్బాయికి ఇంకో సంగతి కూడా చెప్పండి. పూడుల్ పుట్టడమే జర్మనీలో నీళ్లలో వేటాడే కుక్కగా. పిట్టను కొడితే చెరువులోకి ఈది తెచ్చేది. తడిసిన జుట్టు బరువుకు ఈదలేదని వెనక భాగమంతా గొరిగి, చలి తగలకుండా ఛాతీ మీద, కీళ్ల దగ్గర మాత్రం కుచ్చులు వదిలేవాళ్లు. ఫొటోల్లో మనం చూసి నవ్వుకునే ఆ వింత కటింగ్ అలా మొదలైందే. గొరిగితే పూడుల్ పూడుల్ కాకుండా పోతుందనే వాదన ఈ జాతి ముందు నిలబడదు.

మీ ముందు మూడు దారులున్నాయి.

అబ్బాయి కోరినట్టు జుట్టు దక్కించుకోవడం మొదటిది. ఒక్కో అట్టను కొద్దికొద్దిగా విడదీయాలి, రోజూ గంట చొప్పున వారాలు పడుతుంది. అరిగిన బొటనవేలితో మీరు, చంకలో మానని కుట్లతో వాడు. పూర్తయ్యేసరికి జుట్టు మిగలొచ్చు. దువ్వెన అంటే ఇప్పుడున్న భయం మాత్రం జీవితాంతం ఉండిపోతుంది. దీన్ని నేను దారుల్లో లెక్కపెట్టడం మీ అబ్బాయి అడుగుతాడు కాబట్టే.

రెండోది, క్లిప్పర్ కొని ఇంట్లో గొరగడం. గడ్డం ట్రిమ్మర్‌కు ఈ జుట్టును కోసే శక్తి లేదు, లాగుతుంది, అందుకే ఇరుక్కుంది. కుక్కల క్లిప్పర్‌లో 10 నంబర్ బ్లేడు అని ఉంటుంది, చర్మం మీద సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల జుట్టు వదులుతుంది. అట్టలకు అదే వాడాలి. పొడుగు వదలాలని బ్లేడు మీద ప్లాస్టిక్ దువ్వెన తొడిగితే అట్టలో దిగదు. బ్లేడు చర్మానికి సమాంతరంగా, అట్టకూ చర్మానికీ మధ్య పోవాలి. నాలుగైదు నిమిషాలకోసారి బ్లేడును మీ మణికట్టుకు ఆనించి చూడాలి, వేడెక్కితే కాలుతుంది, అది కాలుతోందని కుక్క చెప్పలేదు. మంచి క్లిప్పర్ ఖరీదెక్కువ, కానీ తర్వాత ఏళ్ల తరబడి పనికొస్తుంది. పని నేర్చుకోవడానికి మాత్రం ఇది సమయం కాదు. ఇప్పటికే దెబ్బతిన్న కుక్క, ఒంటినిండా అట్ట, భయపడుతున్న ఇద్దరు మనుషులు. మొదటి పాఠం ఇంత కష్టంగా ఉండకూడదు.

మూడోది, ఒక్కసారికి పశువైద్యుడి దగ్గర మత్తు ఇప్పించి మొత్తం గొరిగించడం. మీ ఊరి డాక్టరు ఎక్కువగా గేదెలనే చూస్తారేమో, అయినా అడగండి. ఆయన వద్దంటే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు అనుబంధంగా ఆసుపత్రి ఉంది, ఫోన్ చేసి వెళ్లండి. మత్తుకు ముందు రక్త పరీక్ష అవసరమా, ఎన్ని గంటలు ఏమీ పెట్టకుండా ఉంచాలి అన్నవి వాళ్లే చెబుతారు. కారులో వాంతుల మాట కూడా అప్పుడే చెబితే దానికి మందు రాసిస్తారు. మనుషుల నిద్రమాత్రలు మాత్రం సగం ముక్క కూడా వేయవద్దు. మత్తంటే కాస్త ప్రమాదం లేకపోలేదు, చిన్న కుక్కకు ఇంకొంచెం ఎక్కువ. అందుకే డాక్టరు చేతిలో అంటున్నాను. లాభం ఏమిటంటే నొప్పి తెలియదు, ఆ రోజు వాడికి గుర్తుండదు, అట్టల కింద చర్మం ఎలా ఉందో డాక్టరు అక్కడే చూస్తారు. నాకైతే మీ ఇంటి పరిస్థితికి ఇదే సరిపోతుందనిపిస్తోంది. ఒక చిన్న లెక్క: ఈ నెల 20 ప్రాంతంలో గొరిగిస్తే సంక్రాంతికి ఎనిమిది వారాలు. అప్పటికి రెండు సెంటీమీటర్ల జుట్టు వచ్చి మెత్తగా ముఖమల్‌లా ఉంటుంది. మీవాడు అడిగిన టెడ్డీ బేర్‌కు అది చాలా దగ్గర. జనవరి దాకా నాన్చితే పండగకు గుండుతోనే కనిపిస్తాడు.

గొరిగి తెచ్చాక కాస్త కంగారు పడతారు, ముందే చెబుతున్నాను. ఎలుకలా సన్నగా, గులాబీ రంగుగా కనిపిస్తాడు. అట్టలు లాగి ఉంచిన చర్మం వదులవుతుంది, దురద పెడుతుంది, గోక్కుంటాడు. చెవుల మీద బరువు పోగానే తల విదిలిస్తూనే ఉంటే జాగ్రత్త, ఆ విసురుకు చెవి రేకులో రక్తం చేరి బూరెలా ఉబ్బుతుంది. అలా కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి. రెండు వారాలు ఎండలో తిప్పకండి, పొద్దున్నే ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి చాలు. రాత్రి చలికి పాత కాటన్ బనియన్ చేతులు కత్తిరించి తొడగండి. నవ్వకండి, మా వాడికి మా ఆయన బనియన్లు రెండు ధారపోశాం.

ఇక అసలు పని. వాడు మిమ్మల్ని చూసి జంకడం నన్ను బాధపెట్టింది, కానీ ఇది బాగయ్యే సంగతే. గొరిగిన తర్వాత రెండు వారాలు ఒంటి మీద ఏ పరికరమూ పెట్టవద్దు. దువ్వెనను నేల మీద పడేసి, దాని పక్కన ఉప్పు, కారం, ఉల్లిపాయ తగలని ఉడికించిన చికెన్ ముక్క పెట్టి మీరు టీవీ చూడండి. వాడే వచ్చి తిని పోతాడు. నాలుగైదు రోజులకు దువ్వెన చేతిలో పట్టుకోండి, ముక్క ఇంకో చేత్తో ఇవ్వండి. ఆ తర్వాత దువ్వెన వీపుతో, అంటే పళ్లు లేని వైపుతో, భుజం మీద ఒక్కసారి రాసి ముక్క పెట్టండి. వాడు తల తిప్పినా, పెదవులు నాక్కున్నా, ఒళ్లు బిగబట్టినా ఆపేయండి. కొరకడానికి ముందు కుక్క చెప్పే మాటలవి, మనమే వినిపించుకోం. చంక, చెవి వెనక అన్నవి చిట్టచివర. అన్నట్టు, ఇదంతా ఆ దివాన్ కాట్ ఉన్న గదిలో చేయకండి. అది వాడి దాక్కునే చోటు, వాడికే ఉండనివ్వండి. కింద దూరినప్పుడు కాలు పట్టి లాగవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి.

ఒంటికి మూడు వస్తువులు చాలు. సన్నటి వంపు తీగలున్న స్లిక్కర్ బ్రష్, పళ్లు ఒకవైపు ఎడంగా ఒకవైపు దగ్గరగా ఉన్న స్టీలు దువ్వెన, ఒక స్ప్రే సీసాలో నీళ్లు. బన్నును టేబుల్ మీద జారని పట్టా పరిచి నిలబెట్టండి, వంగి చేస్తే మీ నడుము పోతుంది. ఎడమ చేత్తో జుట్టును పైకి పట్టుకుంటే కింద తెల్లగా చర్మం ఒక గీతలా కనిపించాలి, తలకు పాపిట తీసినట్టు. కొంచెం నీళ్లు చల్లి, ఆ గీత దగ్గర నుంచి బయటికి బ్రష్‌తో దువ్వండి. తర్వాత ఎడమ చేతి కింద నుంచి వేలెడు మందాన ఇంకో పాయ వదలండి, మళ్లీ గీత, మళ్లీ దువ్వడం. కాలి నుంచి వీపు దాకా ఇలా ఎక్కాలి. స్లిక్కర్ బ్రష్‌ను నొక్కితే చర్మం గీరుకుంటుంది, ముందు మీ ముంజేతి మీద గీసి చూడండి, ఎంత తేలిగ్గా పట్టాలో తెలుస్తుంది. చివర్లో స్టీలు దువ్వెనను చర్మం దాకా దించి లాగండి. ఎక్కడా తట్టుకోకుండా వస్తే అక్కడ పని అయిపోయినట్టు. తట్టుకుంటే రేపటి అట్ట అక్కడుంది, వేళ్లతో విడదీసి చివర నుంచి మొదటికి కొంచెం కొంచెంగా దువ్వండి. చెవుల వెనక, చంకలు, గజ్జలు, తోక మొదలు, మెడ పట్టీ కింద, కాలివేళ్ల మధ్య తప్పకుండా చూడాలి. బన్నుకు ఛాతీ చుట్టూ, చంకల కింద నుంచి వేసే బెల్ట్ రోజంతా ఉంచుతున్నారా? ఇంట్లో తీసేయండి. చంకల్లో అట్టలు అంత బిగియడానికి ఆ రాపిడి కూడా కారణమయ్యుంటుంది.

పొడుగు జుట్టు ఉంచితే ఈ పని దాదాపు రోజూ ఇరవై నిమిషాలు. ఆరు మిల్లీమీటర్లకు పొట్టిగా ఉంచితే వారానికి రెండుసార్లు, ఐదారు నిమిషాలు. మీ బొటనవేలు ఏది తట్టుకుంటుందో మీకే తెలుసు. ఆరు ఎనిమిది వారాలకోసారి పొట్టిగా తీయడానికి క్లిప్పర్ అప్పుడు కొనండి. అట్టలు లేని శుభ్రమైన ఒంటి మీద మీ ఆయన కూడా నేర్చుకోగలరు. ఆయనకు మళ్లీ ఒక అవకాశం ఇచ్చినట్టూ ఉంటుంది, పాపం.

స్నానం వారానికొకటి అక్కర్లేదు, మూడు నాలుగు వారాలకోసారి చాలు. ముందు దువ్వాలి, దువ్వెన సాఫీగా దిగాకే నీళ్లు. కుంకుడు రసం మానేయండి. మన తలకు ఎంత మంచిదైనా వాడి కళ్లలో పడితే మంట మనకు తెలిసిందే, పొట్టు ఉంగరాల్లో ఇరుక్కుంటే అదో తంటా. మనుషుల షాంపూ కూడా వద్దు, మన చర్మంకంటే కుక్క చర్మానికి ఆమ్లత తక్కువ. కుక్కల షాంపూను మగ్గులో నీళ్లు కలిపి పలచన చేసి పోయండి, రెట్టింపు సేపు కడగండి. తువ్వాలుతో రుద్దకండి, అద్ది పిండండి. హెయిర్ డ్రయ్యర్ చల్లగాలికి పెట్టి, గాలి తగులుతుండగానే బ్రష్‌తో దువ్వుతూ ఆరబెట్టండి. వాటంతటవే ఆరిన ఉంగరాలు బిగుసుకుంటాయి. మీ మేడ మీద ఎండలో జరిగింది అదే. చెవిలోకి నీళ్లు పోకుండా చూసుకోండి. చెవి లోపలి వెంట్రుకలు పీకాలా వద్దా అన్నది డాక్టరు చెవి చూసి చెప్పాలి, మీ అంతట మీరు పీకవద్దు.

గోమార్లకు కిరోసిన్ రాసే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. వద్దు, చర్మం కాలుతుంది, నాకితే విషం. గోమారు కుట్టడం వల్ల వచ్చే జ్వరాలు మన దగ్గర కుక్కల్లో మామూలే, ప్రాణం మీదికి తెస్తాయి. గొరిగించే రోజే డాక్టరును నెలనెలా వేసే మాత్ర గురించి అడగండి.

ఇప్పుడు మీ అబ్బాయి సంగతి. ఉత్తరంలో బన్నుకంటే ఎక్కువ మీరు మాట్లాడింది వాడి గురించే. వాడికి ఆ కుక్క అంటే ప్రాణం, అందులో అనుమానం లేదు. కానీ బెంగళూరులో ఈ జుట్టును వాడు చూసుకోలేదు, నెలకోసారి డబ్బిచ్చి చూసుకోబెట్టాడు. ఆ పని ఎంతో వాడికీ తెలియదు, అందుకే మీకూ చెప్పలేదు. వీడియో కాల్‌లో సంజాయిషీ ఇవ్వడం ఆపేయండి. ముందే చెప్పి చేయించాలా, చేయించాక చెప్పాలా? ముందు చెబితే రెండు రోజులు అలుగుతాడు, ఆసుపత్రి పని నాలుగు రోజులు వెనక్కి పోవచ్చు. తర్వాత చెబితే గుండు చూసి ఒక్కసారిగా అరుస్తాడు. నేనైతే ముందే చెబుతాను, కానీ అనుమతి అడిగినట్టు కాదు. "అట్టల కింద చర్మం పాడవుతోంది, గురువారం డాక్టరు దగ్గర గొరిగిస్తున్నాం, పండగకు జుట్టు వస్తుంది" అని మూడు ముక్కల్లో వాట్సాప్‌లో పెట్టండి. కుట్లు పడిన చంక ఫొటో కూడా పంపండి. ఇన్నాళ్లూ దాచే ఉంటారు, అవునా?

ఇంకో ప్రశ్న కూడా అడగండి: తీసుకెళ్లే కాగితాలు ఎంతవరకు వచ్చాయి? మన దేశం నుంచి కుక్కను ఐర్లండ్ తీసుకెళ్లాలంటే మైక్రోచిప్ ఉండాలి, ఆ తర్వాత రేబిస్ టీకా వేయించాలి, కనీసం 30 రోజులాగి గుర్తింపు పొందిన ల్యాబ్‌లో రక్త పరీక్ష చేయించాలి, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు గడవాలి. ఇవేవీ మొదలుపెట్టకపోతే "ఆరు నెలలు" అన్న మాట తీరదు, ఇప్పుడు మొదలుపెట్టినా కనీసం నాలుగు నెలలు పడుతుంది. అప్పుడు బన్ను మీ ఇంటి కుక్క. మీ ఇంటి కుక్కకు ఏ కటింగ్ ఉండాలో మీరు చెప్పాలి. టెడ్డీ బేర్ కావాలనుకుంటే పండగ సెలవుల్లో వాడే రోజూ ఇరవై నిమిషాలు దువ్వొచ్చు. ఇంటికొచ్చి గొరిగేవాళ్లు రాజమండ్రిలోనో విజయవాడలోనో దొరికితే ప్రయాణ ఖర్చుతో సహా వాడు భరించొచ్చు. రెండూ కుదరకపోతే పొట్టి జుట్టుతో సరిపెట్టుకోవాలి.

మీ చెల్లెలి మాట గురించి. ఇచ్చేయడం పాపమని నేను అనను. మీ ఒంట్లో శక్తి లేక, ఇంట్లో సాయం లేకపోతే, ఈ జుట్టు సంగతి బాగా తెలిసిన ఇంటికి ఇవ్వడం తప్పు కాదు. కానీ ఇప్పుడు నిర్ణయించకండి. ఒంటి మీద అట్టలు, మనసులో భయం ఉన్న కుక్కను ఎవరు తీసుకున్నా నాలుగు రోజుల్లో ఇంకొకరికి ఇచ్చేస్తారు. పైగా బన్ను మీ అబ్బాయి కుక్క, అబ్బాయికి తెలియకుండా కుదరదు. గొరిగించాక ఒక నెల చూడండి. వారానికి రెండు ఐదు నిమిషాల పని మీకు భారమా కాదా అన్నది అప్పుడు తెలుస్తుంది. వాసన పోతే మీ అత్తగారి మాట కూడా మారొచ్చు, పూజ గది సంగతి మాత్రం నా చేతుల్లో లేదు.

ఒకటి మరిచిపోయాను. గొరిగే రోజు ముంగాళ్ల లోపలి వైపు చూడమని డాక్టరుకు చెప్పండి. అక్కడ నేలకు ఆనని ఒక గోరుంటుంది, అరగదు. ఇంత జుట్టు కింద ఎవరికీ కనపడక గుండ్రంగా పెరిగి చర్మంలోకే దిగి ఉండొచ్చు. బెంగళూరులో పుట్టినప్పుడే తీయించేశారేమో కూడా మీ అబ్బాయిని అడగండి.